పాల ప్యాకెట్లలో ఐసు

చేయాల్సిన పనులన్నీ విశాఖలో బండెక్కకముందే నోటుబుక్కులో రాసుకున్నాను.

నందే ఎడమ చేతిలో నరం దొరక్కపోతే కుడి చెయ్యి చూడాలి. అదీ దొరక్కపోతే మూడోసారి గుచ్చకూడదు.
ఆరు ట్యూబుల రక్తం. ఒక్కోదాన్నీ పదిసార్లు మెల్లగా తలకిందులు చెయ్యాలి, ఊపకూడదు.
లేబుల్ మీద నంబరే. పేరు ఎక్కడా రాకూడదు.
ట్యూబులు గది వేడిలోనే ఉండాలి. పద్దెనిమిది డిగ్రీలకు తగ్గకూడదు, ఇరవై అయిదుకు మించకూడదు.
నోరు తెరిపించి, టార్చి వేసి పుండు ఫోటో తీయాలి. ముఖం పడకూడదు.
నాన్నకు బీపీ మాత్రలు. అమ్మకు పిండి జల్లెడ.
మంగ్లీకి చెప్పులు, ఆరో నంబరు.
బచేలిలో పొద్దున్నే బండి అందుకోవాలి.
ఫారం నింపి సంతకం పెట్టాలి.

అన్నీ చేశాననే అనుకున్నాను, ఆఖరిది తప్ప. ఫారం ఎప్పుడూ దారిలోనే నింపుతాను, జగదల్‌పూర్ దాటాక, పెట్టెలో జనం పలచబడ్డాక. కానీ బండి కమలూరులో ఆగిపోయింది. గంట పడుతుందని పల్లీలమ్మే ఆవిడ చెప్పింది, ఇక్కడ ఆవిడ మాటే టైంటేబులు. ఇనుప ఖనిజం బండ్లు ముందు వెళ్ళాలి. ఒకటి వెళ్తోంది కూడా, కిటికీలోంచి చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్నుంచి, వ్యాగను తర్వాత వ్యాగను, బైలాడిలా కొండ ముక్కలు ముక్కలుగా సముద్రానికి పోతోంది, దాని ఎర్రదుమ్ము కిటికీ ఊచల మీద, నా మోకాళ్ళ మీద, ఎదురు సీటు పెద్దాయన తింటున్న సమోసా మీద. ఆయన ఊదుకుని తింటున్నాడు. మా ఇంట్లోనూ అన్నీ అలాగే ఊదుకుని తినేవాళ్ళం. నాన్న గనిలో డ్యూటీ దిగి వచ్చి ముక్కు చీదితే గిన్నెలు తోమే తొట్టి ఎర్రబడేది, అమ్మ చెంబెడు నీళ్ళు కొట్టి మళ్ళీ అందులోనే గిన్నెలు తోమేది. చిన్నప్పుడు అదేమీ అనిపించలేదు. ఒళ్ళో థర్మకోల్ పెట్టె ఉంది. దాన్ని పైన అరలో పెట్టను, సీటు కింద పెట్టను, విశాఖ దాకా పద్నాలుగు గంటలూ ఒళ్ళోనే. తొడ మీద చల్లగా తగిలింది.

చెమటనుకున్నాను. మార్చి నెల, ఎండ పడే వైపు సీటు. వేలితో తుడిచి చూస్తే నీళ్ళు. పెట్టె అడుగున మూల దగ్గర, చుక్క తర్వాత చుక్క. నీళ్ళు కారే వస్తువు నేనేదీ అందులో పెట్టలేదు. రాత్రి నేనే సర్దాను, గది వేడిలో ఉంచిన జెల్ సంచులు నాలుగు వైపులా పేర్చాను, తెల్ల టేపు వేశాను, ముందు గదిలో బల్ల మీద పెట్టి పడుకున్నాను. ఇప్పుడు చూస్తే టేపు తెల్లది కాదు. నల్లది, నాన్న హెల్మెట్ పట్టీకి చుట్టుకునేది. పొద్దున ఆటో కోసం పరుగులో చూసుకోలేదు. విప్పాను. జెల్ సంచులు లేవు. నాలుగు పాల ప్యాకెట్లున్నాయి, కడిగి, నీళ్ళు నింపి, మూతి దారంతో కట్టి గడ్డ కట్టించినవి, సగం కరిగిపోయినవి. వాటి మధ్యన, మంగ్లీ ఆకుపచ్చ గళ్ళ తువ్వాలులో పసిబిడ్డకు చుట్టినట్టు చుట్టి, నందే రక్తం, ఆరు ట్యూబులు. ఒకటి తీసి చెంపకు ఆనించుకున్నాను. మంచుగడ్డ. అప్పుడు వాసన కొట్టింది. చేపల వాసన. ఆ ప్యాకెట్లు నాకు తెలియనివి కావు, ఆదివారం సంతలో కొన్న చేపలు సోమవారం దాకా నిలవ ఉంచడానికి అమ్మ ఫ్రీజర్లో ఎప్పుడూ నాలుగు పెట్టుకుంటుంది. నందే రక్తం రాత్రంతా వాటి మధ్య పడుకుంది. కడుపులోంచి పైకి తన్నుకొచ్చింది, కిటికీ వైపు వంగాను, ఏమీ రాలేదు, నోటినిండా పుల్లటి నీళ్ళు మాత్రం ఊరాయి. ఖనిజం బండి ఇంకా వెళ్తూనే ఉంది. పెద్దాయన సమోసా కాగితం ఉండ చేసి నా వైపు చూసి, కడుపా అమ్మా, అన్నాడు, అని ఉండ కిటికీలోంచి పారేశాడు.

చేపకు ఐసు మంచిది. టీకాకు మంచిది. నేను మోసుకెళ్ళే కణాలకు కాదు. తెల్లకణాల్లో టి కణాలని ఒక రకం ఉంటుంది, ఒంట్లో పాడైన కణాలను ఏరి తీసేసే పని వాటిది, అవి ఒంటి వేడికి అలవాటు పడ్డవి. చలిలో ఉంచితే చస్తాయని కూడా కాదు, చస్తే పీడ పోయేది, లెక్కలో తెలిసిపోయేది. సగం చస్తాయి, మిగిలినవి మొద్దుబారతాయి, వాటిని రక్తంలోంచి విడదీయబోతే పనికిరాని కణాలు వచ్చి అంటుకుంటాయి. మిషన్లో పెడితే మిషన్ నిజాయితీగా చెబుతుంది, ఈ మనిషి కణాలు నీరసంగా ఉన్నాయని. ఐసు సంగతి మిషన్‌కేం తెలుసు. ఈ ముక్క అమ్మకు నేనెప్పుడూ చెప్పలేదు. ఏడేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, ఈ రామతులసి రక్తం మీద ఏదో చదువు చదువుతోందని మా క్వార్టర్ల లైన్లో అందరికీ తెలుసు, అమ్మ ఒకటి రెండుసార్లు అడిగింది కూడా, ఆ రగతంతో ఏటి సేస్తారే అని. చెప్పినా నీకు తెలియదులే అమ్మా అన్నాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది, ఆ డిగ్రీతో నేను మొదట నేర్చుకున్న మాట అదే. మంగ్లీకి మాత్రం చెప్పానా? మంగ్లీ మితానిన్, అంటే వాళ్ళ ఊరికి మందులు చేర్చి, నెలలు నిండినవాళ్ళను ఆసుపత్రికి నడిపించుకొచ్చే ఆరోగ్య కార్యకర్త. జగర్గుండా అవతలి ఊళ్ళకు పదకొండేళ్ళుగా టీకా పెట్టె భుజాన వేసుకుని వాగులు దాటుతోంది. ఐసు కరగనివ్వకపోవడమే ఆమె ఉద్యోగం. శిక్షణలో ప్రతి ఏడూ అదొక్కటే చెప్పారు, పెట్టె వేడెక్కితే బిడ్డకు ఎక్కించేది మందు కాదు, ఉత్త నీళ్ళని. అలాంటి మనిషి ముందు ఐసు లేని పెట్టెలో రక్తం పెట్టి, ఎందుకో చెప్పకుండా, ముట్టుకోవద్దు అని కూడా చెప్పకుండా, నేను వెళ్ళి పడుకున్నాను. అలసిపోయానట.

మంగ్లీ వెంటబెట్టుకొచ్చే మనిషి నందే. బుగ్గలో కాన్సర్. గుడాఖు రుద్దుకునే వైపు, పొగాకు బెల్లం కలిపిన ఆ నల్ల ముద్ద, దాన్ని తలచుకుంటేనే నాకు నాలుక ముడుచుకుపోతుంది. కోత కోసి తీసేశారు, మళ్ళీ వచ్చింది. ఇంక చేసేదేమీ లేదన్న దగ్గర, కొత్త మందును పరీక్షించే మా అధ్యయనం ఆమెను తీసుకుంది. ఆరు వారాలకోసారి జగదల్‌పూర్‌లో సెలైన్ సీసాలోంచి మందు ఎక్కిస్తారు. ఎక్కించే వారం ముందు నేను రక్తం తీసుకెళ్ళాలి, అది చూసి తర్వాతి మోతాదు ఇస్తారు. నమూనా రెండుసార్లు చెడిపోతే ఆ మనిషిని ఉంచాలో తీసేయాలో కమిటీ చెబుతుంది. కమిటీ ఎప్పుడూ ఏం చెబుతుందో నాకు తెలుసు, మూడేళ్ళలో ముగ్గురిని అలా తీసేశారు, టీ తాగేంత సేపు పట్టలేదు. నందేది ఒకసారి చెడింది, వానాకాలంలో ఘాట్‌లో కొండచరియ పడి బండి ఆగిపోయినప్పుడు. ఇది రెండోది. బయట ఆ మందు కొనడమంటే వాళ్ళ ఊరు ఊరంతా అమ్మినా రాదు. మందు పనిచేయడం లేదా అంటే చేస్తోంది. నాలుగు మోతాదులకు నిమ్మకాయంత గడ్డ చింతగింజంత అయింది. కొలత నాది, టార్చి వేసి స్కేలు పెట్టి నేనే కొలిచాను. నందే కొలత వేరు. ఆమె కూతురు ముయె, తొమ్మిదేళ్ళ పిల్ల, పుండు వాసనకు తట్టుకోలేక నిరుడు అమ్మ పక్క వదిలేసి నాయనమ్మ దగ్గర పడుకోవడం మొదలుపెట్టింది. దీపావళి వెళ్ళాక ఒక పొద్దున లేచి చూస్తే పిల్ల తన పక్కన పడుకుని ఉందట. ముక్కు నా బుగ్గకే ఆనించి పండింది చెల్లె, అని చెప్పి నవ్వింది నందే. ఏటా మిరప కోతకు భద్రాచలం వైపు వెళ్తుంది కనక ఆమెకు తెలుగు బాగా వచ్చు. నేనా మాట ఫారంలో ఎక్కడ రాయాలో వెతికాను. దానికి గడి లేదు.

వాసన. అవును, వాసన సంగతి రాకుండా ఎలా ఉంటుంది. మొదటిసారి ఆమె నోరు తెరిచినప్పుడు నేను ఊపిరి బిగబట్టాను. చీమూ, కుళ్ళూ, గుడాఖూ, ఆకలి కడుపూ, అన్నీ కలిసి. మాస్కు వెనక నా ముఖం ఎలా వంకర పోయిందో ఆమెకు కనబడలేదని అనుకున్నాను, కళ్ళు కనబడతాయన్న సంగతి మరిచిపోయి. ఆమె నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది, వదలగానే నేను బ్యాగులోంచి శానిటైజర్ తీసి రుద్దుకున్నాను, అది పద్ధతి, మా పుస్తకంలో రాసి ఉంది, ఎవరినైనా ముట్టుకున్నాక రుద్దుకోవాలి. కానీ నేను రుద్దుకున్నది పద్ధతి కోసం కాదు. నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అప్పటినుంచి ఆమె నా చెయ్యి పట్టుకోలేదు. మా అమ్మ నయం, దాచుకోదు. నిన్న సాయంత్రం వాళ్ళిద్దరూ బస్సు దిగి మా క్వార్టర్‌కు వస్తే, నందేకు టీ ఇవ్వడానికి అటక మీంచి ఒక సొట్ట స్టీలు గ్లాసు దించింది. మంగ్లీకి మామూలు గ్లాసు, నందేకు సొట్ట గ్లాసు. అంటుకునే రోగం కాదమ్మా అని నేను అనాలి. నేను పీహెచ్‌డీ. నందే రెండు గ్లాసులూ చూసింది, టీ ఊదుకుంది, తాగింది, తనే లేచి కుళాయి దగ్గర కడిగి గడప బయట బోర్లించింది, ఎక్కడ బోర్లించాలో ఎవరూ చెప్పకుండానే. నేను లేబుళ్ళ మీద నంబర్లు రాస్తున్నాను. చాలా శ్రద్ధగా రాశాను.

మా అరుణ్ సార్ మంచివారే. నేనంటే అభిమానం, గని కూలీ కూతురు ఇంతదాకా వచ్చిందని మీటింగుల్లో నన్ను నిలబెట్టి మరీ చెబుతారు, అందరూ చప్పట్లు కొడతారు, నేను తల దించుకుంటాను, అణకువ అనుకుంటారు. బస్తర్ శాంపుల్స్ బంగారం తులసీ, అంటారు. ఈ మందులేవీ సోకని ఒళ్ళు, అంటారు. అడవిలో దొరికే దేన్ని గురించైనా అలాగే మాట్లాడతారు కాబోలు. ఆయన స్లైడ్లలో పూసల దండల ఆదివాసీ స్త్రీ ఒకతె నవ్వుతూ ఉంటుంది, ఆమె ఎవరో మాలో ఎవరికీ తెలియదు, ఇంటర్నెట్లో దొరికింది. మొదటి పాఠంలో ఆయన చెప్పారు, శరీరం ఒక దేశం, టి కణాలు సైన్యం, గస్తీ తిరుగుతాయి, శత్రువును గుర్తిస్తాయి, చుట్టుముడతాయి, చంపుతాయి. కాన్సర్ తెలివైనది, గస్తీ దగ్గర దొంగ గుర్తింపు కార్డు చూపించి నేను మీవాణ్ణే అంటుంది, సైనికుడు తుపాకీ దించేస్తాడు. మన మందు ఆ కార్డును చింపేస్తుంది. నేనది పొందికైన అక్షరాలతో రాసుకున్నాను, కింద గీత కూడా గీశాను. నేను పుట్టింది బచేలిలో, పోలీసు గాలింపులు తిరిగే అడవి అంచున. గస్తీ అంటే ఏమిటో, కార్డు చూపించలేనివాడికి ఏమవుతుందో పాఠంలో వినక్కర్లేనిదాన్ని. అయినా రాసుకున్నాను, మార్కులొచ్చాయి.

ఆ పాఠమే తీసుకెళ్ళి నందేకు చెప్పాను, అదీ నా తెలివి. సమ్మతి కాగితం మీద వేలిముద్ర తీసుకోవాలంటే ముందు అర్థమయ్యేట్టు వివరించాలి, నియమం. మా వరండాలో చాప మీద కూర్చోబెట్టి, మెల్లగా, చక్కగా చెప్పాను. అక్కా, నీ ఒంట్లో పోలీసులుంటారు. వాళ్ళు నిద్రపోయారు. ఈ మందు వాళ్ళను లేపి నీ బుగ్గలోకి పంపుతుంది. నందే ముంజేయి నా చేతిలో ఉంది, మెల్లగా వెనక్కి తీసుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వద్దు చెల్లె," అంది. "పండినోళ్ళను లేపకు. పండనీ."

మంగ్లీ పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "దీదీ, గట్ల చెప్తరా ఏంది ఎవలకన్న?" అని నన్ను తిట్టి, నందే వైపు తిరిగి గోండీలో చాలాసేపు చెప్పింది. తర్వాత నాకు తెలుగు చేసింది. చేను కాపలా సంగతి చెప్పిందట. మంచె మీద మనిషి ఉంటాడు, కునుకు పడతాడు, పంది దిగి చేను తవ్వేస్తుంది. కాపలావాణ్ణి కొట్టేదేమీ లేదు, కేకేసి లేపితే చాలు, ఈ మందు ఆ కేక. నందే అప్పుడు తల ఊపింది. "నా లోపల కాపలాది ఆడమనిషా, మొగమనిషా?" అని అడిగింది. "మొగోడే అయితడు, పండిండు గద," అని తనే అనుకుని వేలిముద్ర వేసింది. నేనది ఏడేళ్ళ చదువుతో చెప్పలేకపోయాను, మంగ్లీ ఎనిమిదో తరగతితో చెప్పింది. ఆ పూట నాకు సిగ్గు వేయలేదు, వేలిముద్ర వచ్చినందుకు హాయిగా అనిపించింది.

కమలూరులో సిగ్నల్ రెండు గీతలుంటుంది. అమ్మకు ఫోన్ చేశాను. అరవడానికే చేశాను. ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

"ఏటి బుజ్జీ, బండి కదిల్నాదా?" అంది. "పెట్టి సల్లగున్నాదా సూసినావా?"

తొడ మీద తడి తుడుచుకున్నాను.

"నువ్వు ఒల్లు తెలీకుండా తొంగున్నావు, లేపబుద్ధి కాలేదు. ఆ మంగ్లీ అన్నాది, దీదీ ఐసు మర్సిపోనాదని. సూస్తే నిజిమే, ఒక్క ముక్క నేదు. పాలే యిరిగిపోతాయి ఈ ఎండకి, రగతం ఆగుద్దేటి? ఇద్దరం కూకుని కట్టినాం. మజ్జిలో లెగిసి రెండుపాలు మార్సినాను. మీ నాన్న టేపు ఎతికి ఇచ్చినాడు." వెంటనే అడిగింది, "ఆయమ్మకి తగ్గిపోద్ది గదే?"

మా అమ్మకు నిద్రే ఒక వైభోగం. ముప్పై ఏళ్ళు నాన్న షిఫ్టులకు లేచిన మనిషి, ఇప్పుడు రాత్రి తొమ్మిదైతే ఎవరు పిలిచినా పలకదు. రెండుసార్లు లేచింది. సొట్ట గ్లాసు దించిన చేత్తోనే రెండుసార్లు ఐసు మార్చింది. ఆ రెండు చేతులూ ఒకే మనిషివి, నేను దేని మీద కోపం తెచ్చుకోను?

"మంచి పని చేశావమ్మా," అన్నాను. "చల్లగానే ఉంది."

"అదే నానూ అన్నాను. ఇదిగో బుజ్జీ, ఆ గ్లాసు ఏటి సెయ్యమంటావు? పారెయ్యమంటావా, ఉంచమంటావా?"

"ఉంచు. మళ్ళీ వస్తుంది."

ఫోన్ పెట్టేశాక ఆ మాట నా నోట్లోనే ఉండిపోయింది. మళ్ళీ వస్తుంది. ఎవరు చెప్పారు వస్తుందని? ఫారం తీశాను. తొమ్మిదో ప్రశ్న అది. ప్రయాణంలో నమూనా పద్దెనిమిది నుంచి ఇరవై అయిదు డిగ్రీల మధ్య ఉన్నదా? అవును ఒక గడి, కాదు ఒక గడి. వేడి రాసుకునే చిన్న యంత్రం ఒకటి పెట్టెలో ఉండాలి, దాని బ్యాటరీ గత నెలే చచ్చింది, కొత్తది రాలేదు. కాబట్టి ఎవరికీ తెలియదు. తువ్వాలు తీసేస్తే, పాల ప్యాకెట్లు కిటికీలోంచి విసిరేస్తే, ట్యూబులు నా పొట్ట దగ్గర పెట్టుకుని విశాఖ చేరేలోపు వెచ్చబెడితే, అవును అని ఒక్క టిక్కు పెడితే. పెన్ను అక్కడ ఆనించాను కూడా. ఆనించి, ఏమవుతుందో చూశాను, ల్యాబులో అన్నీ చూసేట్టే. మిషన్ చెబుతుంది, కణాలు నీరసం. నీరసం అంటే మందు పట్టడం లేదు. పట్టని మందు ఎందుకివ్వాలి, తీసేయండి. చాలా శుభ్రంగా, నా టిక్కుతో, నా సంతకంతో తీసేస్తారు. ఆమె ఒక్కర్తినే కాదు, అలాంటి బుగ్గతో రేపు వచ్చే ఇంకో ఆడమనిషికి కూడా, ఇది బస్తర్ వాళ్ళకు పనిచేయదమ్మా అని ఆ అంకె చూపించి చెబుతారు. అబద్ధం ఆడి ఆమెను కాపాడలేను. నిజం రాస్తే రెండో నమూనా చెడింది, కమిటీ, గురువారం, టీ.

బ్యాగులో ఖాళీ ట్యూబులు ఇంకో ఆరు ఉన్నాయి. నా ఎడమ మోచేతి మడతలో నరం బాగా కనబడుతుంది, ఎప్పుడూ. బాత్రూంలో తలుపు వేసుకుని ఒక్క చేత్తో తీసుకోవచ్చు. ఇంత దాకా ఆలోచించాను. ఆలోచించి నా చేతి వైపే చూస్తూ కూర్చున్నాను. నా రక్తం మీద నందే నంబరు. నా కణాలకు ఏ పుండూ తెలియదు, దిట్టంగా ఉంటాయి, ఇంటి భోజనం చేసి ఇరవై డిగ్రీల ఏసీలో కూర్చునే కణాలు. మిషన్ మెచ్చుకుంటుంది. సార్ స్లైడు చేస్తారు. ఆమెకు ఇంకో ఆరు వారాలు మందొస్తుంది. ఆ ఆరు వారాల కోసం నాకు నిజంగానే మనసైంది, ఇప్పుడు కాదంటే అది ఇంకో అబద్ధం. కానీ దాని వెనకే ఇంకోటి కూడా ఉంది. ఆమె మిగిలితే నా పరిశోధన పేపర్లో పదకొండు మంది ఉంటారు. తీసేస్తే పది. పదికి దాన్ని వేసే పత్రిక ఒప్పుకోదు. ఈ లెక్క ఎప్పుడు చేశానో నాకే తెలియదు, పాల ప్యాకెట్లు చూసిన క్షణంలోనే చేసి ఉంటాను, వాంతి వచ్చినట్టయిన క్షణంలోనే, బహుశా వాంతికన్నా ముందే. ఆ వాంతి చేపల వాసనది అనుకున్నాను. చేపలది కాదు.

నిన్న రక్తం తీసేటప్పుడు మూడో ట్యూబు నిండుతుండగా నందే అడిగింది, "నా నెత్తురంత మీ కాడనే ఉన్నది గద చెల్లె. ఒక్కపాలి నన్ను గూడ రమ్మను. ఎట్లున్నదో చూసొస్త." మంగ్లీ నవ్వింది, నేనూ నవ్వాను. తర్వాత లేబుల్ అతికిస్తుంటే వంగి చూసింది. చదువు రాదు, కానీ అంకెలకూ అక్షరాలకూ తేడా తెలుసు, మిరప కోతలో టిక్కీల, అంటే బస్తాల, లెక్క తనే చూసుకుంటుంది. "ఏందిది? అన్నీ అంకెలే. నా పేరేది?" అంది. పేరు రాయకూడదక్కా, నీ మంచికే, అన్నాను. "నా మంచికా?" అని లేబుల్ మీద వేలు పెట్టింది. "మల్ల గిది నా నెత్తురని ఆల్లకెట్ల తెలుస్తది? మిరప బస్తా మీద గూడ పేరు రాస్తరు చెల్లె. రాయి. నేనేమన్న దొంగనా?" నేను రాయలేదు. సరే సరే అంటూ మాట మార్చి, దూది నొక్కిపెట్టుకో అన్నాను. ఈ పాటికి వాళ్ళిద్దరూ జగర్గుండా బస్సులో ఉంటారు. మంగ్లీ కొత్త చెప్పులు వేసుకోకుండా సంచిలో పెట్టుకుని ఉంటుంది. నందే దూది పారేసి ఉంటుంది. సాయంత్రానికి ముయె పక్కన.

ఖనిజం బండి ఆఖరి వ్యాగను వెళ్ళిపోయింది. వెళ్ళాక కూడా చప్పుడు చెవుల్లో ఉంది, దుమ్ము ఇంకా దిగుతూనే ఉంది, ఫారం మీద కూడా ఎర్రగా పేరుకుంది, ఊదాను, పోలేదు, చేత్తో తుడిస్తే మరక అయింది. మా బండి కూత వేసింది. తువ్వాలు పిండి మళ్ళీ ట్యూబులకు చుట్టాను, పాల ప్యాకెట్లు పారేయలేదు, అవి సాక్ష్యం. కాదు అన్న గడిలో టిక్కు పెట్టాను. కారణం రాయడానికి ఒక గీత ఇచ్చారు. దాని మీద రాశాను: ఐసులో ఉంచబడింది. తప్పు నాది, ఉంచకూడదని ఎవరికీ చెప్పలేదు. గీత అయిపోయింది. బండి కదిలింది, అక్షరాలు వంకర పోతున్నాయి. ఫారం తిప్పి వెనక తెల్ల వైపు రాయడం మొదలుపెట్టాను. పేరు రాస్తే నన్ను ఈ పనిలోంచి తీసేయవచ్చు, ఆ నియమం నాకు కంఠతా వచ్చు, కొత్తగా చేరేవాళ్ళకు నేనే నేర్పుతాను. అయినా రాయమన్నది ఆమె.

గురువారం కమిటీలో కూర్చునే పెద్దలకు. పదకొండో నంబరు రక్తం చెడిపోలేదు, మేము చెడగొట్టాం. ఆ మనిషి తప్పు ఇందులో ఏమీ లేదు, ఆమె పిలిచిన ప్రతిసారీ వచ్చింది, అడిగిన ప్రతిసారీ చెయ్యి చాపింది. ఇంకొక్కసారి రక్తం తీసుకునే అవకాశం ఇవ్వండి, పెట్టె ఈసారి ఎలా ఉండాలో అందరికీ చెప్పి తీసుకొస్తాను, నేను కాకపోతే మంగ్లీ చెప్పి పంపుతుంది. గడ్డ చింతగింజంత ఉంది. వాళ్ళమ్మాయి ఇప్పుడు ఆమె పక్కనే పడుకుంటోంది. ఈ మాటకు మీ ఫారంలో గడి లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆమె పేరు నందే. ఊరు జగర్గుండా అవతల. మీ ముందుకు నంబరు వచ్చినప్పుడు, కప్పులు చేతిలోకి తీసుకునేముందు, దయచేసి నందేను గుర్తుపెట్టుకోండి.